వచ్చిన నీటికి పోయే దారి

గుంటూరు నుంచి గుంతకల్లు పోయే రైలుదారిలో వినుకొండకూ దొనకొండకూ మధ్య కురిచేడు వస్తుంది. ఆ పక్కగానే నాగార్జునసాగర్ కుడి కాలువ పోతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళ కోసం మన పెద్దవాళ్ళు ఎంత ఎదురుచూశారో, కాలువ తవ్విన మట్టిపనిలో ఎన్ని ఊళ్ళ కూలీల చెమట కలిసిందో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఆ కాలువ మనకు పొలాల కోసమే కాదు, గొంతుల కోసం కూడా. పడమటి ప్రకాశంలో బోరు వేస్తే నీళ్ళతో పాటు ఫ్లోరైడు పైకొస్తుంది. దర్శి, కనిగిరి, మార్కాపురం వైపు పళ్ళు గారపట్టిన పిల్లల్నీ, నడుం వంగిపోయిన పెద్దల్నీ చూడని వాళ్ళు ఉండరు. అందుకే సాగర్ నీళ్ళు కాలువలో పారినప్పుడు పట్టి నిల్వ చేసుకునే ఎస్‌ఎస్ ట్యాంకులు తవ్వారు. ఓవర్‌హెడ్ ట్యాంకులు కట్టారు. పైపులు వేశారు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రతి ఇంటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్ళు అని లక్ష్యం పెట్టింది. ఎండాకాలంలో కాలువకు నీళ్ళు రాక ట్యాంకు అడుగంటితే ఇప్పటికీ ఇబ్బందే. అది వేరే ప్రసంగం. ఇవ్వాళ నేను మాట్లాడబోయేది కుళాయి కట్టేశాక జరిగే సంగతి. ఇంట్లోకి వచ్చిన నీళ్ళు ఇంట్లో ఉండిపోవు కదా. అవి ఎటు పోతున్నాయి? వాటికి దారి వెయ్యడానికి డబ్బు ఎవరు ఇవ్వాలి?

పొద్దున కుళాయి వదిలే వేళకు మన వీధుల్లో ఏ వీధిలోనైనా నిలబడి చూడండి. తొట్టి దగ్గర అంట్లు తోముతారు, బట్టలు ఉతుకుతారు, స్నానాలవుతాయి. గోడ అడుగున పెట్టిన గొట్టంలోంచి సబ్బునురగ, అన్నం మెతుకులు, బూడిదరంగు నీళ్ళు బయటికొస్తాయి. వీధికి సైడు కాలువ ఉంటే అందులో పడతాయి. లేకపోతే సిమెంటు రోడ్డు మీదనే పారతాయి. నాలుగు ఇళ్ళు దాటేసరికి చిన్న గుంట, దాంట్లో పాచి, దాని మీద దోమలు. కాలువ ఉన్న వీధిలోనూ నీళ్ళు కదలకుండా ఉంటే, ఎవరో గుమ్మం ముందు బండ వేసుకుని దాని కింద ఇటుకలు పేర్చి ఉంటారు. ఇంకొకరు బర్రెల కొట్టంలో పేడనీళ్ళు దాంట్లోకే వదిలి ఉంటారు. మట్టి నిండి, గడ్డి మొలిచి, కాలువ కాస్తా గట్టుగా మారుతుంది. అప్పుడు తగాదా మొదలవుతుంది. "మీ నీళ్ళు మా వాకిట్లోకి వస్తున్నాయి" అని ఒకరు, "మరి మేం ఎక్కడికి పంపాలి?" అని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వరసకు వదినా మరదళ్ళయిన వాళ్ళు కూడా ఈ నీళ్ళ దగ్గర మాటలు మానుకున్న వీధులున్నాయి. మెరకన ఉన్నవాళ్ళ మురుగు పల్లాన ఉన్నవాళ్ళకు చేరుతుంది. మన పల్లెల్లో పల్లాన ఉన్నది ఎవరి ఇళ్ళో మీకు తెలుసు. చాలా ఊళ్ళలో ఊరి మురుగంతా చివరికి ఎస్సీ కాలనీ అంచున నిలుస్తుంది. నీళ్ళు పల్లానికే పారతాయన్నది ప్రకృతి ధర్మం. పల్లాన ఎవరికి చోటిచ్చామన్నది మాత్రం మనుషులు చేసిన పని.

ఈ నీళ్ళు ఎన్నో కొంచెం లెక్క చూద్దాం. వెయ్యి మంది ఉన్న పల్లెకు మనిషికి 55 లీటర్ల చొప్పున రోజుకు 55 వేల లీటర్లు వస్తాయి. అందులో తాగేది, వంటలోకి పోయేది, ఆవిరయ్యేది పోగా మూడింట రెండు వంతులు వాడిన నీళ్ళుగా బయటికి వస్తాయనుకున్నా 36 వేల లీటర్ల పైమాటే. అంటే ఆరేడు పెద్ద ట్యాంకర్లు. రోజూ, పండగ లేదు, పబ్బం లేదు. ఆరు వేల మంది ఉన్న మండల కేంద్రమైతే దానికి ఆరింతలు. బిందెతో చేదుకుని తెచ్చుకున్న రోజుల్లో ఇంటికి వచ్చేది తక్కువ, పోయేదీ తక్కువ. పెరట్లో అరటిచెట్టో కరివేపాకు చెట్టో తాగేసేది. ఇప్పుడు పెరడూ లేదు, నీళ్ళూ ఎక్కువ.

దీనికి తోడు ఇంకో చిక్కు వచ్చిపడింది. ఉపాధి హామీ నిధుల్లో సామగ్రి వాటా కింద గత పదేళ్ళలో పల్లెల్లో సిమెంటు రోడ్లు విస్తారంగా పడ్డాయి. అవి అవసరమే, నేను కాదనను. కానీ చాలాచోట్ల రోడ్డు ముందు వచ్చింది, కాలువ తరువాత వస్తుందన్నారు. ఆ తరువాత ఇంకా రాలేదు. మట్టిరోడ్డు కొంత నీటిని పీల్చేది. సిమెంటు రోడ్డు ఒక్క చుక్క పీల్చదు. పైగా రోడ్డు మీద రోడ్డు వేసినప్పుడల్లా అది ఇళ్ళ అరుగుల కంటే ఎత్తయింది. వానాకాలంలో వీధి మురుగు వాకిట్లోకి తోసుకొస్తుంది. రోడ్డు వేసే రోజునే మట్టాలు తీసి, కాలువ వాలు ఎటో చూసి, రెండూ కలిపి వేస్తే ఖర్చూ తక్కువ, పనీ గట్టిది. ఇప్పుడు అదే పనికి వేసిన రోడ్డు పగలగొట్టాలి.

మరి డబ్బు సంగతికి వద్దాం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు రాశారు. తాగునీరు, పారిశుద్ధ్యం రెండూ అందులో ఉన్నాయి. అంటే మురుగు కాలువ పంచాయతీ బాధ్యత. బాధ్యత వచ్చింది సరే, దాని వెనక డబ్బు ఎంత వచ్చింది? 2021 నుంచి 2026 వరకూ ఐదేళ్ళ కాలానికి 15వ ఆర్థిక సంఘం దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. అందులో 60 శాతం షరతులతో కూడిన నిధి. ఆ 60లో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి సంరక్షణ, వాడిన నీటిని తిరిగి వాడుకోవడం వంటి వాటికి. కాగితం మీద చూస్తే ఇది మంచి ఏర్పాటు. వాడిన నీటి సంగతి ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకు గుర్తుందని అర్థం.

రెండోది స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశ. 2020లో మొదలైంది. మొదటి దశ మరుగుదొడ్లది, ఇది చెత్తది, మురుగునీటిది. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్ళో మురుగునీటి పనులకు మనిషికి 280 రూపాయల వరకూ, ఐదు వేలు దాటిన ఊళ్ళో మనిషికి 660 రూపాయల వరకూ ఇవ్వవచ్చని నిర్ణయించారు. ఇందులో 70 శాతం మిషన్ నుంచి, 30 శాతం పంచాయతీ తన ఆర్థిక సంఘం నిధుల నుంచి పెట్టుకోవాలన్నారు. ఆరు వేల మంది ఉన్న ఊరికి ఈ లెక్క కడదాం. ఆరు వేలను 660తో గుణిస్తే 39 లక్షల 60 వేలు. అందులో పంచాయతీ వాటా 11 లక్షల 88 వేలు. ఊరంతటికీ కాలువలు, చివర నీళ్ళు శుభ్రం చేసే చెరువులు, వాటికి చుట్టు కంచె, నేల చదును అన్నీ కలిపి 40 లక్షలతో అయిపోతాయా? ఇంజనీర్లను కాదు, ఇంటికి సెప్టిక్ ట్యాంకు కట్టించుకున్న ఎవరినడిగినా చెబుతారు. నాలుగు వీధులకు కాలువలు పడతాయి. ఐదో వీధి దగ్గర డబ్బు అయిపోతుంది. కాలువ ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఆగిన చోట నీళ్ళు నిలుస్తాయి. సగం వేసిన మురుగు కాలువ అసలు వెయ్యని దానికంటే చెడ్డది. నాలుగు వీధులకు పంచి ఉన్న మురుగును ఒక్కచోటికి తెచ్చి పోస్తుంది.

ఈ నిధులైనా వేళకు, నిండుగా వచ్చాయా అంటే అదీ లేదు. మన రాష్ట్రంలో పంచాయతీ పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. ఆ మధ్య రెండున్నరేళ్ళు ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు రావు, అది నిబంధన. ఎన్నికలయ్యాక, ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల విద్యుత్ బకాయిలకు సర్దుబాటు చేశారని 2021లో రాష్ట్రమంతటా సర్పంచులు నిరసన తెలిపారు. పార్టీలకతీతంగా తెలిపారు. వీధిదీపాల బిల్లు, మోటార్ల బిల్లు కట్టవలసిందే, అందులో సందేహం లేదు. కానీ మురుగు కాలువ కోసం అనుకున్న డబ్బు కరెంటు బిల్లుకు పోతే, గ్రామసభలో చేసిన తీర్మానానికి విలువేముంది?

నేను చెప్పదలుచుకున్న మాట ఇక్కడ మొదలవుతుంది. ఏడాదికింత చొప్పున విడతలుగా వచ్చే గ్రాంటుతో మురుగు వ్యవస్థ కట్టలేం. ఊరంతటికీ ఒకేసారి, మట్టాలు చూసి, మొదటి ఇంటి నుంచి చివరి చెరువు దాకా ఒక్క పనిగా కట్టాలి. అంత మొత్తం పంచాయతీ దగ్గర ఎప్పుడూ ఉండదు. కాబట్టి రాష్ట్రం ముందుకు వచ్చి, పంచాయతీలకు తక్కువ వడ్డీకి దీర్ఘకాలపు అప్పు ఇచ్చే ఒక నిధి పెట్టాలి. ఇచ్చిన అప్పు తిరిగి ఆ నిధిలోకే రావాలి. వచ్చింది ఇంకో ఊరికి పోవాలి. మన డ్వాక్రా అక్కాచెల్లెళ్ళు సంఘంలో డబ్బు తిప్పుకుంటున్నది ఈ పద్ధతిలోనే. ఒకరు తీర్చిన సొమ్ము ఇంకొకరికి అప్పవుతుంది. మన ప్రాంతంలో ఆ లెక్కలు వేళ్ళ మీద చెప్పగల మహిళలు ప్రతి పల్లెలోనూ ఉన్నారు. వాళ్ళు ఇంటి మగవాళ్ళ కంటే వాయిదాలు బాగా తీర్చారని బ్యాంకువాళ్ళే అంటారు.

ఇది ఊహ కాదు, ప్రపంచంలో నడుస్తున్న పద్ధతి. అమెరికాలో 1972లో పరిశుభ్ర జల చట్టం వచ్చింది. దాని కింద మురుగునీటి శుద్ధి కేంద్రాలకు అక్కడి కేంద్ర ప్రభుత్వం నూటికి 75 వంతులు గ్రాంటుగా ఇచ్చేది. తరువాత దాన్ని 55కు తగ్గించారు. 1987లో ఆ చట్టాన్ని సవరించి, గ్రాంటుల స్థానంలో రాష్ట్రాల వారీగా తిరిగే రుణనిధులు పెట్టారు. కేంద్రం ఇచ్చిన ప్రతి 100 డాలర్లకూ రాష్ట్రం 20 డాలర్లు జత చెయ్యాలి. ఆ మొత్తంలోంచి పట్టణాలకూ చిన్న ఊళ్ళకూ మార్కెట్టు కంటే తక్కువ వడ్డీకి 20 ఏళ్ళ గడువుతో అప్పిచ్చారు. తరువాత ఆ గడువు 30 ఏళ్ళ దాకా పెంచారు. 50 రాష్ట్రాల్లోనూ ప్యూర్టోరికోలోనూ ఈ నిధులున్నాయి. మన దర్శి నుంచి, పొదిలి నుంచి వెళ్ళి డాలస్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలున్న టెక్సాస్‌లో ఈ నిధిని 1957లో ఏర్పడ్డ టెక్సాస్ జలాభివృద్ధి మండలి నడుపుతుంది. వాళ్ళ ఇంటి నీళ్ళ బిల్లులో మురుగునీటికి విడిగా ఒక వరస ఉంటుంది. అడిగి చూడండి, చెబుతారు. ఆ వరసలో కట్టే డబ్బులోంచే ఊరి అప్పు తీరుతుంది. బీద ఊళ్ళకు అసలులో కొంత మాఫీ చేసే వెసులుబాటు కూడా అక్కడ ఉంది. అది నాకు ముఖ్యమనిపించింది. ఎందుకో తరువాత చెబుతాను.

అంత దూరం వద్దనుకుంటే చెన్నై వైపు చూడండి. తమిళనాడులో 2002లో 13 చిన్న పట్టణాలు కలిసి నీటికీ పారిశుద్ధ్యానికీ ఒక ఉమ్మడి నిధి ద్వారా బాండ్లు జారీ చేశాయి. సుమారు 30 కోట్ల రూపాయలు. ఒక్కొక్క పట్టణం విడిగా పోయి అడిగితే ఏ మదుపరీ తలుపు తియ్యడు. పదమూడు కలిసి, వెనక రాష్ట్రం నిలబడితే డబ్బు వచ్చింది. అంతకు ముందు, అప్పట్లో చెన్నై పక్కన విడిగా ఉన్న ఆలందూరులో భూగర్భ డ్రైనేజీ కోసం ఇంటికి 5,000 రూపాయల చొప్పున జనమే ముందుగా డిపాజిట్టు కట్టారు. తమ ఇంటి మురుగు పోయే దారి కోసం జనం డబ్బు కట్టరని అనేవాళ్ళకు ఆలందూరు సమాధానం.

మన దేశంలో పల్లెలకు అప్పు మార్గం లేదా అంటే ఉంది, కానీ అది పల్లె పేరున ఉండదు. 1995-96లో 2,000 కోట్లతో నాబార్డులో గ్రామీణ మౌలిక వసతుల అభివృద్ధి నిధి మొదలైంది. బ్యాంకులు వ్యవసాయానికీ ఇతర ప్రాధాన్య రంగాలకూ ఇవ్వవలసినంత ఇవ్వనప్పుడు ఆ లోటు సొమ్ము ఈ నిధిలో జమ చెయ్యాలి. రాష్ట్ర ప్రభుత్వాలు దాంట్లోంచి అప్పు తీసుకుని రోడ్లు, వంతెనలు, సాగునీటి, తాగునీటి పనులు చేయిస్తాయి. ఏడేళ్ళలో, అందులో మొదటి రెండేళ్ళు విరామంతో, తీర్చాలి. మన మండలాల్లో ఎన్నో వంతెనల మీద నాబార్డు పేరున్న శిలాఫలకాలు చూస్తుంటాం. అప్పు చేసేది రాష్ట్రం, తీర్చేది రాష్ట్రం, ఏ ఊరికి ఏ పని అనేది తేల్చేదీ రాష్ట్రమే. పంచాయతీకి అందులో మాట లేదు. అయితే పంచాయతీ వంటి స్థానిక సంస్థలు తమ ఆదాయాన్ని హామీగా పెట్టి అప్పు చేయవచ్చని చెప్పే చట్టం ఒకటి 1914 నుంచీ ఉంది, స్థానిక సంస్థల రుణాల చట్టం. ప్రభుత్వ అనుమతి కావాలి. నూరేళ్ళు దాటిన ఆ చట్టాన్ని ఉపయోగించి మురుగు కాలువ కట్టుకున్న పల్లె ఒకటి ఉందని మీలో ఎవరైనా విన్నారా?

ఇప్పుడు ఆరు వేల మంది ఊరి లెక్క మళ్ళీ తీద్దాం. మొత్తం పనికి కోటి రూపాయలవుతుందనుకుందాం. ఇది నేను ఉదాహరణకు పెట్టుకున్న అంకె, మీ ఊరికి ఇంజనీరు వేసే అంచనా వేరుగా ఉంటుంది. స్వచ్ఛ భారత్ ప్రమాణం ప్రకారం సుమారు 40 లక్షలు సమకూరాయి. మిగిలిన 60 లక్షలు రాష్ట్ర నిధి నుంచి 5 శాతం వడ్డీకి 20 ఏళ్ళ గడువుతో అప్పు తీసుకుంటే, ఏటా కట్టవలసింది సుమారు 4 లక్షల 81 వేలు. ఊళ్ళో 1,500 ఇళ్ళుంటే ఇంటికి ఏడాదికి 321 రూపాయలు. నెలకు 27. పూడిక తీసే మనిషి జీతం, చిన్నచిన్న మరమ్మతులు కలిపి ఇంకో 27 అనుకోండి. నెలకు 54 రూపాయలకు ఇంటి ముందు మురుగు ఉండదు. ఆర్థిక సంఘం నిధుల్లో పారిశుద్ధ్యపు వాటా నుంచి కొంత కట్టుకోవచ్చనే నిబంధన పెడితే ఇంటి భారం ఇంకా తగ్గుతుంది.

"పంచాయతీలను అప్పుల్లోకి దించుతావా?" అని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. మన ప్రాంతంలో అప్పు అన్న మాట వింటేనే గుండె జారుతుంది. మిర్చికి ధర లేని ఏడు, సాగర్ నీళ్ళు ఆరుతడికి కూడా రాని ఏడు రైతు ఇంట్లో ఏం జరుగుతుందో చూసినవాళ్ళం. అందుకే మూడు కట్టుదిట్టాలు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదంటాను. అప్పు సొమ్ము వేరే ఖాతాలో ఉండాలి. దాన్ని కరెంటు బకాయికి గానీ ఇంకో దానికి గానీ మళ్ళించే అధికారం ఎవరికీ ఉండకూడదు, అది ఏ ప్రభుత్వమైనా సరే. పాలకవర్గం గడువు ముగిసి ఎన్నికలు ఆలస్యమైతే వాయిదా భారం రాష్ట్రం మోయాలి, ఎందుకంటే ఎన్నికలు పెట్టే పని ఊరి చేతుల్లో లేదు. ఎస్సీ, ఎస్టీ కాలనీల వాటా అప్పుగా కాక గ్రాంటుగానే ఇవ్వాలి. అమెరికాలో బీద ఊళ్ళకు అసలులో మాఫీ ఉందని ఇందాక చెప్పింది ఇందుకే. ఊరి మురుగంతా మోసిన వీధిని ఆ మురుగు పోగొట్టడానికి అప్పు కట్టమనడం అన్యాయం. పనైతే అక్కడి నుంచే మొదలు కావాలి. పల్లం నుంచి మెరకకు కాలువ కట్టుకుంటూ రావడం ఇంజనీరు చెప్పే పద్ధతి కూడా.

డబ్బు వస్తే ఏం కట్టాలి అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఇంకుడు గుంతలు చాలు అని కొందరంటారు. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్‌లో ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకుని వీధుల్లో మురుగు లేకుండా చేసుకున్నారు, దేశమంతా పోయి చూసింది. నాలుగడుగుల గుంత, అడుగున పెద్ద రాళ్ళు, పైన చిన్న రాళ్ళు, మధ్యలో ఒక తొట్టి. ఇంతే. ఎర్రనేలలో, గరపనేలలో అది బంగారం లాంటి పని. నల్లరేగడిలో మాత్రం అంత సులువు కాదు. తడిస్తే ఉబ్బి, నీటిని కిందికి వదలదు. నాలుగు నెలల్లో గుంత నిండి అక్కడే పొంగుతుంది. రాయి పైకి వచ్చిన చోటా అంతే. మన మండలాల్లో ఒకే ఊళ్ళో తూర్పు వీధి రేగడి మీద, పడమటి వీధి ఎర్రనేల మీద ఉండటం మామూలే. తాగే బోరుకు దగ్గర్లో ఇంకుడు గుంత పెట్టకూడదన్నది మరో సంగతి. మ్యాజిక్ డ్రెయిన్ అనే పద్ధతిని మన పంచాయతీరాజ్ శాఖ ఈమధ్య ముందుకు తెచ్చింది. వీధి వెంట గాడి తవ్వి రాళ్ళు పొరలుగా నింపడం, మధ్యమధ్య ఇంకే చోట్లు వదలడం. సిమెంటు కాలువ కంటే చవక. నేలను చూసి వేసిన చోట అది కూడా మంచి పనే.

ఇంకని నీళ్ళకు ఊరి చివర చెరువులే మార్గం. వరసగా మూడు చెరువులు. మొదటిది లోతైనది, అక్కడ మడ్డి దిగిపోతుంది. రెండోది వెడల్పుది, అక్కడ ఎండా నాచూ కలిసి నీటిని మారుస్తాయి. మూడోది లోతు తక్కువది, అక్కడ ఎండకు రోగక్రిములు చాలావరకు చస్తాయి. మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు. మన ఎండలు మనకు పనికొచ్చే చోటు ఇది ఒకటి. చెరువుల మధ్య జమ్ము, మెట్టతామర పెంచితే ఇంకా మేలు. పంజాబులో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ గారు పల్లె మురుగును ఇలాగే గుంటలూ చెరువుల్లో తేర్చి పొలాలకు పారించే పద్ధతి పెట్టారు, అది అక్కడ ఎన్నో ఊళ్ళకు పాకింది. మనకు నీళ్ళ విలువ పంజాబు కంటే ఎక్కువ తెలుసు. ఆరు వేల మంది ఊరి నుంచి రోజుకు రెండు లక్షల లీటర్లకు పైగా వాడిన నీళ్ళు బయటికి వస్తుంటే, తేర్చిన ఆ నీటితో గడ్డి పెంచుకోవచ్చు, కంచె వెంట వేపా కానుగా పెంచుకోవచ్చు. ఆకుకూరలకు, పచ్చిగా తినే వాటికి మాత్రం వాడకూడదు. ఇప్పుడు ఆ నీళ్ళు ఏ వాగులోనో, ఏ చెరువులోనో కలుస్తున్నాయి. ఎస్‌ఎస్ ట్యాంకు వైపు వాలు ఉన్న ఊళ్ళో అయితే ఆలోచించడానికే భయం వేస్తుంది.

చెరువులకు స్థలం కావాలి. అసలు గండం ఇక్కడే ఉంది. డబ్బు తేవచ్చు, పల్లాన రెండెకరాల పోరంబోకు తేవడం కష్టం. ఉన్న పోరంబోకు ఎవరి స్వాధీనంలో ఉందో ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. రుణనిధి పెడితే స్థలం చూపిన ఊరికే ముందుగా మంజూరు చేస్తామని షరతు పెట్టాలి. అప్పుడైనా ఆ మాట గ్రామసభలో బయటికొస్తుంది.

సెప్టిక్ ట్యాంకుల మాట కూడా ఒకటి. మరుగుదొడ్లు కట్టుకున్నాం, మంచిది. ట్యాంకు నిండితే లారీవాడు వచ్చి తోడుకుపోతాడు. ఎక్కడ పోస్తాడు? ఊరి బయట వాగులో, రోడ్డు పక్క గుంటలో. స్వచ్ఛ భారత్ రెండో దశలో ఈ మలవ్యర్థాల శుద్ధికి మనిషికి 230 రూపాయల వరకూ పెట్టవచ్చన్నారు. ఒక్కో పల్లెకు విడిగా కేంద్రం కట్టడం అయ్యే పని కాదు. వరంగల్లు నగరం 2017లో ఇలాంటి శుద్ధి కేంద్రం కట్టుకుంది. కురిచేడు, దొనకొండ, దర్శి కలిసి ఒకటి కట్టుకోవచ్చు. ఇలా కలిసి అప్పు చేయడానికే ఉమ్మడి నిధి కావాలి. రక్షణ సామగ్రి లేకుండా ట్యాంకులోకి మనిషిని దించి శుభ్రం చేయించడం, చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి తెలిసీ దించేవాళ్ళున్నారు. దిగినవాళ్ళు ఊపిరాడక చనిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. మురుగుకు పెట్టని డబ్బు ఒక్కోసారి ఇలా ప్రాణాల రూపంలో కట్టవలసి వస్తుంది.

ప్రతి ఏడాదీ అక్టోబరు 2 నుంచి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారీ మొదలవుతుంది. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర పేరుతో ఊళ్ళు శుభ్రం చేస్తున్నాం. చీపురు పట్టిన ఆ ఉదయం, కాలువ వెంట నీళ్ళు పారే దిక్కున చివరి దాకా నడవండి. నీళ్ళు ఎక్కడ ఆగాయో, ఎవరి ఇంటి ముందు ఆగాయో రాసుకోండి. ఆ కాగితం తీసుకుని గ్రామసభకు వెళ్ళండి. ఆర్థిక సంఘం నిధుల్లో పారిశుద్ధ్యపు వాటా కింద మన పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని పంచాయతీ కార్యదర్శిని అడగండి. మట్టాలు తీయించి ఊరంతటికీ ఒకే అంచనా వేయించాలని తీర్మానం పెట్టించండి. అందులో చివరి వాక్యంగా ఇది రాయించండి: ఈ పని పూర్తి చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక రుణం ఇచ్చే నిధిని ఏర్పాటు చేస్తే, మా పంచాయతీ దాన్ని తీసుకోవడానికీ తీర్చడానికీ సిద్ధంగా ఉంది. ఆ తీర్మానం ప్రతి ఒకటి ఎంపీడీఓ కార్యాలయానికి, ఒకటి జిల్లా కలెక్టరు గారికి, ఒకటి మీ శాసనసభ్యులకు పంపండి. ఒక్క ఊరి నుంచి పోతే అది బీరువాలో పడుతుంది. దర్శి, మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వైపు ఊళ్ళన్నిటి నుంచీ ఒకే ఏడాది పోతే బడ్జెటు తయారుచేసేవాళ్ళ బల్ల మీదికి చేరుతుంది.